దగ్గరి వేటకు ఏ తూటా? కొన్ని అపోహలు, వాస్తవాలు

టెక్సస్‌లో జింకల సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. అందుకే అక్టోబరంతా నేను శిక్షణ ఇచ్చే రైఫిల్ రేంజ్ కిటకిటలాడుతుంది. స్కోపు సరిచూసుకోవడానికి వచ్చేవాళ్ళలో ఈమధ్య మన తెలుగువాళ్ళూ బాగానే కనిపిస్తున్నారు. చాలామంది చేతిలో కొత్త .300 విన్ మ్యాగ్ ఉంటుంది. అంటే .300 విన్చెస్టర్ మ్యాగ్నమ్ అనే బాగా శక్తివంతమైన తూటాను పేల్చే రైఫిల్. ఎక్కడ వేటాడబోతున్నారని అడిగితే తూర్పు టెక్సస్ పైన్ అడవుల పేరు చెబుతారు. అక్కడ చెట్ల మధ్య 100 గజాల దూరం కనిపించడమే గొప్ప. మరి ఇంత తుపాకి ఎందుకంటే అందరిదీ ఒకటే జవాబు: "పెద్ద తూటా అయితే అక్కడికక్కడే పడిపోతుందట కదా!"

ఆ "అట" అన్నమాటే ఏటా ఎన్నో జింకలను గాయాలతో పొదల్లోకి పంపుతోంది. మిగతా అపోహలు ఎలా ఉన్నా, ముందు దీన్ని వదిలించుకోవాలి.

బుల్లెట్, అంటే తూటాలోంచి ఎగిరిపోయే ముక్క, జింకను నెట్టి పడేయదు. తుపాకి మీ భుజాన్ని ఎంత ఊపుతో తన్నిందో, జింకకు తగిలే ఊపు అంతకు మించి ఉండదు. నెట్టి పడేసేటంత బలమే ఉంటే కాల్చినవాడు కూడా వెనక్కి పడాలి. జింకను చంపేది ఊపిరితిత్తులు, గుండె గుండా సాగిన రంధ్రం, దానివల్ల పోయే రక్తం. వెన్నుపూసకో మెదడుకో తగిలితే తప్ప, చక్కగా ఊపిరితిత్తుల్లో దెబ్బ తగిలిన జింక కూడా 50 నుంచి 100 గజాలు పరుగెత్తవచ్చు. అది పరుగెత్తిందంటే మీ తూటా చాలలేదని కాదు.

దగ్గరి వేటలో అసలు చిక్కు వేగంతోనే వస్తుంది. .300 విన్ మ్యాగ్‌లో 180 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్ తుపాకి గొట్టం వదిలేటప్పుడు సెకనుకు సుమారు 2,960 అడుగుల వేగంతో ఉంటుంది. 50 గజాల దగ్గరా అది 2,800కు తగ్గదు. దూరపు కాల్పుల కోసం, సీసం మీద పలుచని లోహపు తొడుగుతో చేసిన బుల్లెట్లు 400, 500 గజాలు వెళ్ళి నెమ్మదించాక కూడా విచ్చుకోవాలని తయారైనవి. అలాంటిది ఇంత వేగంతో భుజం ఎముకకు తగిలితే పైపైనే ముక్కలైపోతుంది. బయట పెద్ద గాయం, రక్తం గడ్డకట్టి పారేయవలసిన మాంసం, లోపల మాత్రం ఊపిరితిత్తులు పదిలం. ఆ జింక చావదు, దొరకదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతీ కాదు. 1946లో జాన్ నాస్లర్ అనే అమెరికన్ వేటగాడు కెనడాలో ఒళ్ళంతా బురద గట్టిన మూస్‌ను (భారీ జింక జాతి జంతువును) .300 హెచ్ అండ్ హెచ్ మ్యాగ్నమ్ రైఫిల్‌తో కాల్చాడు. బుల్లెట్లు లోతుకు దిగకుండా పైనే చెదిరిపోయాయి. ఆ విసుగులోంచే మధ్యలో రాగి గోడ ఉండే పార్టిషన్ బుల్లెట్ పుట్టింది. ముందు సగం విచ్చుకున్నా వెనుక సగం చెక్కుచెదరకుండా లోపలికి పోతుంది. మ్యాగ్నమ్ వద్దనలేనివాళ్ళకు నా సలహా కూడా అలాంటిదే: సీసాన్ని తొడుగుకు అతికించిన బాండెడ్ బుల్లెట్టో, పూర్తిగా రాగితో చేసినదో వాడండి. తూటా పేరుకంటే ముందు పెట్టె మీద బుల్లెట్ రకం చదవండి.

తన్ను సంగతి వేరే చెప్పాలి. .300 విన్ మ్యాగ్ తన్ను .243 అనే చిన్న తూటా తన్నుకు రెట్టింపు పైనే. పోయిన సీజన్‌కు ముందు హ్యూస్టన్ వైపు నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. అంతకుముందు ఏడాది గాయపరిచిన జింక కోసం టార్చిలైటుతో తెల్లవారేదాకా తిరిగాడట. అది దొరకలేదని చెబుతుంటే అతని గొంతు పూడుకుపోయింది. "అన్నా, ఇంకా పెద్దది కొనాలా?" అని అడిగాడు. అతనికి తెలియకుండా తూటాల మధ్య ఒక డమ్మీ (మందు లేని ఉత్తుత్తి తూటా) పెట్టి అతని రైఫిల్ అందించాను. ట్రిగ్గర్ టక్కుమంది, తుపాకి పేలలేదు, కానీ గొట్టం మాత్రం జానెడు కిందికి దిగింది. కళ్ళూ మూసుకున్నాడు. తన్నుతుందన్న భయం ఒంట్లో చేరిపోయింది, పాపం. నా .243 ఇచ్చి కూర్చోబెడితే సాయంత్రానికి 100 గజాల దగ్గర అరచేతిలో పట్టేంత చోట వరసగా కొట్టాడు. వెన్ను తట్టి, తన పెద్ద రైఫిల్ పక్కన పెట్టేయమన్నాను. అదే సీజన్‌లో .243తో జింకను కొట్టి ఫోను చేశాడు.

.243, .308, 6.5 క్రీడ్‌మూర్, 1895 నుంచి ఉన్న .30-30, వీటిలో ఏదైనా 100 గజాల లోపు వైట్‌టెయిల్ జింకకు చాలు. చిన్నది కొన్నామేమోనని బెంగపడేవాళ్ళు నిశ్చింతగా ఉండండి. ఒక్క జాగ్రత్త: .30-30 లీవర్ రైఫిల్లో తూటాలు గొట్టంలాంటి మ్యాగజైన్‌లో ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. గట్టి మొనదేలిన బుల్లెట్ అయితే ముందున్న తూటా అడుగున మందు అంటించే ప్రైమర్‌ను గుచ్చి పేల్చవచ్చు. బల్లపరుపు మొన గానీ, మెత్తని మొనతో దానికోసమే చేసినవి గానీ వాడాలి.

బరువైన బుల్లెట్ కొమ్మల్ని చీల్చుకుని నేరుగా పోతుందంటారు. పోదు. .45-70 లాంటి బరువైన బుల్లెట్ అయినా రెమ్మ తగిలితే దారి తప్పుతుంది. ఖాళీ కనిపించేదాకా ఆగండి. వెయ్యి ఫుట్-పౌండ్ల శక్తి లేకపోతే జింక చావదన్న లెక్కను కూడా పట్టించుకోకండి. ఆ అంకెకు బుల్లెట్ ఎక్కడ తగిలిందో తెలియదు.

అడవిపందికి తూటా మార్చడం కంటే గురి మార్చడం ముఖ్యం. దాని గుండె, ఊపిరితిత్తులు జింక కంటే ముందుకు, కిందికి ఉంటాయి. జింకను కొట్టినట్టు భుజం వెనుక కొడితే పొట్టలో తగులుతుంది.

పందుల మాట వచ్చింది కాబట్టి హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకు ఒక మాట. 2019 నుంచి టెక్సస్‌లో యజమాని అనుమతితో ప్రైవేటు భూమిలో అడవిపందుల వేటకు లైసెన్సు అక్కర్లేదు. "ఇంకేం, వెళ్ళిపోదాం" అని బయలుదేరకండి. తాత్కాలిక వీసాదారులు తుపాకి పట్టుకోవడాన్నే ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. అందులో ఉన్న ప్రధాన మినహాయింపు చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. రాష్ట్రం అడగకపోయినా మీరు కొనుక్కుని జేబులో పెట్టుకోవాలి. స్నేహితుడి తుపాకి పట్టుకుని ఫొటో దిగడానికి కూడా ఇదే వర్తిస్తుంది. సందేహముంటే వాట్సాప్ గ్రూపులో కాదు, ఇమిగ్రేషన్ లాయరును అడగండి.

చివరగా, .300 బ్లాకౌట్ అనే వేరే చిన్న తూటా గురించి. దగ్గరి వేటకు మంచి తూటానే. కానీ అది .223 అనే మరో తూటా మ్యాగజైన్లో చక్కగా పడుతుంది, కొన్ని బుల్లెట్లతో .223 రైఫిల్లో తూటా కూర్చునే ఛాంబర్లోకీ దూరుతుంది. అప్పుడు ట్రిగ్గర్ నొక్కితే మీ ముఖం ముందే రైఫిల్ పగిలిపోతుంది. రెండూ ఇంట్లో ఉన్నవాళ్ళు మ్యాగజైన్లకు వేర్వేరు రంగుల టేపు చుట్టండి, రేంజ్‌కి ఒకసారికి ఒక్కటే తీసుకురండి, ప్రతి తూటా అడుగున ముద్ర చదివాకే నింపండి.