నినెవే మంటల్లో రాయి ఓడింది, మట్టి గెలిచింది

"నినెవే తగలబడిపోయింది కదా, మరి అక్కడి లైబ్రరీ ఎలా దొరికింది?" అని ఒక పాఠకుడు అడిగారు. దొరకడానికి ఆ మంట కూడా ఒక కారణం!

క్రీ.పూ. 612లో బాబిలోనియన్లు, మీడియన్లు కలిసి, అస్సిరియా అనే ప్రాచీన సామ్రాజ్యపు రాజధాని నినెవేను కాల్చేశారు. ఇప్పటి ఇరాక్‌లోని మోసుల్ పక్కనున్న కుయుంజిక్ దిబ్బ అదే. 1840ల చివర్లో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు లేయర్డ్ అక్కడ అస్సిరియా రాజు సెన్నాకెరిబ్ భవనాన్ని తవ్వాడు. తర్వాత రెండు గదుల్లో అడుగు మందాన రాతలున్న మట్టి పలకలు బయటపడ్డాయి. ఆ లైబ్రరీ పుస్తకాలు ఇవే. ముక్కలతో కలిపి సుమారు 30,000 ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

అసలు కథ మట్టిది. ఎండలో ఆరిన పలకలోంచి పోయేది రేణువుల మధ్య నీరే. తడిస్తే మళ్లీ బురదవుతుంది. 500, 600 డిగ్రీలు దాటితే సంగతి వేరు. మట్టి రేణువుల్లోని సిలికాన్, అల్యూమినియం పొరలకు అతుక్కున్న హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) కూడా నీటి ఆవిరిగా పోతుంది. ఆ మార్పు జరిగాక నీళ్లలో నానబెట్టినా కరగదు. కుమ్మరి ఆవంలో కుండకు జరిగేది ఇదే. ఆవంలాగే ఇక్కడా సెగ అన్నిచోట్లా ఒకేలా తగల్లేదు. కొన్ని పలకలు చక్కగా కాలాయి, కొన్ని మరీ వేడెక్కి గాజులా కరిగాయి.

గోడల మీది శిల్పాలకు మాత్రం అదే వేడి శాపమైంది. అవి జిప్సం రాయి. దాని బరువులో అయిదో వంతు నీరే! నూరు డిగ్రీలు దాటి కొంచెం పైకెళ్లగానే ఆ నీటిలో ముప్పాతిక వంతు వదిలేస్తుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తయారయ్యేది ఇలాగే. అందుకే ఎన్నో శిల్పాలు పగిలి, ముట్టుకుంటే రాలిపోయే స్థితిలో దొరికాయి. మట్టి గట్టిపడే వేడి కంటే ఎంతో ముందే రాయి చెడింది. ఈ ఒక్క ఉదాహరణతో స్కూల్లో స్ఫటిక జలం (స్ఫటికంలో ఇమిడి ఉండే నీరు) పాఠం చెబితే పిల్లలు జన్మలో మర్చిపోరు.

ఆ పలకల్లో శకునాలు బోలెడు. బల్లి మీద పడితే ఏం జరుగుతుందో కూడా రాసుకున్నారు! ఆ నమ్మకంలో నిజం లేదు. కానీ చూసినదాన్ని వరుసగా రాసిపెట్టే అలవాటు మాత్రం గొప్పది.

మంట మింగేసినవీ ఉన్నాయి. క్రీ.పూ. 647 నాటి లైబ్రరీ జాబితాల్లో మైనం పూసిన రాత బల్లలు కనిపిస్తాయి, నినెవేలో అవేవీ మిగల్లేదు. అలాంటివి ఎలా ఉండేవో 1953లో మరో అస్సిరియా నగరం నిమ్రూద్‌లో తెలిసింది. అక్కడి రాజభవనం బావి అడుగున బురదలో, అస్సిరియా రాజు రెండో సర్గోన్ పేరుతో, దంతంతోనూ వాల్‌నట్ చెక్కతోనూ చేసిన బల్లలు దొరికాయి. వాటి మీద అక్కడక్కడా మైనం, దాని మీద అక్షరాలు ఇంకా ఉన్నాయి.