పది మిల్లీమీటర్లు లేని ఎం10 బోల్టు

హార్డ్‌వేర్ షాపులో ఎం10 బోల్టు ఒకటి కొని, వెర్నియర్ కాలిపర్‌తో మర మీద కొలిచి చూడండి. పేరులో పది ఉన్నా, కొలత పదికి కాస్త తక్కువే వస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. మామూలు రకం ఎం10 బోల్టుకు, పూత వేయకముందు, మర పైవ్యాసం 9.732 నుంచి 9.968 మి.మీ. మధ్యలో ఎక్కడున్నా అంతర్జాతీయ ప్రమాణం ఒప్పుకుంటుంది. సరిగ్గా 10 మి.మీ. ఉన్నదాన్నే తనిఖీలో పక్కన పెట్టేస్తారు.

ఇంజినీరింగ్ డ్రాయింగ్ అనగానే వస్తువు బొమ్మ గుర్తొస్తుంది. నాకు మాత్రం అందులో అన్నిటికంటే విలువైనవి, ఎంత తేడా వచ్చినా ఫరవాలేదో చెప్పే అంకెలు. యంత్రం ఎంత ఖరీదైనదైనా అడిగిన కొలతను అడిగినట్టు ఇవ్వలేదు. టూల్ అరుగుతుంది, లోహం వేడికి వ్యాకోచిస్తుంది. అందుకే డిజైనర్ ఒక కొలతకు బదులు రెండు హద్దులు ఇస్తాడు. ఆ హద్దుల మధ్య దూరమే టాలరెన్స్. దాన్ని బిగిస్తే ఖర్చు పెరుగుతుంది, వదులు చేస్తే వస్తువు పని చేయదు. డిజైనర్ నైపుణ్యమంతా ఇక్కడే తెలుస్తుంది.

బోల్టు డ్రాయింగ్‌లో ఇదంతా ‘ఎం10–6జి’ అనే చిన్న గుర్తులో ఇమిడిపోతుంది. మర మెలికలు ఎవరూ గీయరు. పైవ్యాసానికి లావు గీత, లోతుకు సన్న గీత గీసి ఊరుకుంటారు. పాలిటెక్నిక్‌లో నట్టు వెడల్పును ‘వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, దానికి 3 మి.మీ. కలపాలి’ అని నేర్పుతారు. ఆ లెక్కన ఎం10కి 18 రావాలి, కానీ షాపులో దొరికే నట్టుకు పట్టేది 16 లేదా 17 పానా. ఆ సూత్రం గీయడానికి వీలు కోసమే.

6జి లో 6 హద్దుల మధ్య ఎంత దూరమో చెబుతుంది. జి అనేది పై హద్దు ఎక్కడుండాలో చెబుతుంది: ఎం10కి అసలు కొలతకన్నా 0.032 మి.మీ. కింద. నట్టుకు ఇచ్చే 6హెచ్ లో ఈ తగ్గింపు లేదు, దాని హద్దు అసలు కొలత దగ్గరే మొదలవుతుంది. అంటే అన్నిటికన్నా లావు బోల్టును అన్నిటికన్నా బిగుతు నట్టులో పెట్టినా ఆ కాస్త సందు మిగులుతుంది. ఎందుకు? తుప్పు పట్టకుండా వేసే జింకు పూత కోసం. మర 60 డిగ్రీల కోణంలో ఉంటుంది, పూత దాని రెండు వాలుల మీదా అంటుకుంటుంది. ఆ కోణం వల్ల, మర మధ్యలో కొలిచే వ్యాసం పూత మందానికి నాలుగింతలు పెరుగుతుంది. 0.032ను నాలుగుతో భాగిస్తే 0.008 మి.మీ., అంటే 8 మైక్రాన్లు. బోల్టు తయారుకాకముందే డ్రాయింగ్‌లో పూతకు చోటు కేటాయించి పెట్టారన్నమాట. ఈ లెక్క నాకు ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది.

ఇక తయారీ. లేత్ మీద మరను కోయొచ్చు గానీ, లక్షల్లో చేసేటప్పుడు కోయరు. ఉక్కు వైరును ముక్కలు చేసి, వేడి చేయకుండానే ఒక కొసను అచ్చులో గుద్ది తలకాయ తీస్తారు. తర్వాత, అరచేతుల మధ్య పిండిని దొర్లించినట్టు, గాళ్లున్న రెండు డైల మధ్య కాడను నొక్కి దొర్లిస్తారు. లోహం గాడిలోంచి పక్కకు జరిగి పైకి ఉబుకుతుంది. అందుకే ఎం10 మర తేలే కాడ మొదట దాదాపు 9 మి.మీ.లే ఉంటుంది. ఉక్కు పోగులు తెగకుండా మర వెంట వంగుతాయి కాబట్టి, పదేపదే అదిరే చోట ఇలాంటి బోల్టు కోసిన మరకన్నా ఎక్కువ కాలం ఆగుతుంది.

తనిఖీకి రెండు రింగ్ గేజ్‌లు, అంటే లోపల కచ్చితమైన మర ఉన్న ఉక్కు రింగులు, చాలు. గో గేజ్ చివరిదాకా ఎక్కాలి, నోగో గేజ్ ఒకటి రెండు చుట్లలోనే ఆగిపోవాలి. అంకె చదవాల్సిన పనే లేదు.

ఇవన్నీ ఒక్కసారిగా రాలేదు. ఇంగ్లండులో ఒక్కో వర్క్‌షాపుది ఒక్కో మర అయిన కాలంలో, జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజినీరు చాలా చోట్ల నుంచి బోల్టులు సేకరించి 1841లో 55 డిగ్రీల మరను ప్రతిపాదించాడు. అమెరికాలో విలియం సెల్లర్స్ అనే ఇంజినీరు 1864లో 60 డిగ్రీలు అన్నాడు. 1904లో బాల్టిమోర్ నగరం తగలబడుతుంటే పక్క ఊళ్ల నుంచి ఫైరింజన్లు వచ్చాయి. వాటి గొట్టాల్లో చాలావాటి మరలు అక్కడి నీటి కుళాయిలకు పట్టలేదు. విట్‌వర్త్ మర పాతబడి పోయిందనుకోకండి, మన ఇంటి అరంగుళం కుళాయికి ఇప్పటికీ ఉన్నది ఆ 55 డిగ్రీలదే.

కరెంటు టవర్లకు, వానలో తడిసే షెడ్లకు వాడే గాల్వనైజ్డ్ బోల్టుల కథ వేరు. కరిగిన జింకులో ముంచుతారు కాబట్టి పూత 50 మైక్రాన్ల దాకా ఉంటుంది. నాలుగింతలంటే 0.2 మి.మీ., అది 0.032లో పట్టదు. అందుకని వాటి నట్టుల లోపలి మరను కావాలనే పెద్దదిగా కోస్తారు. చూడ్డానికి తేడా తెలియదు, మామూలు బోల్టుకు కూడా హాయిగా ఎక్కేస్తుంది. కానీ మరలు ఒకదానిలోకి ఒకటి తగినంత దిగవు, గట్టిగా బిగిస్తే నట్టు మర చిట్లుతుంది. ఇంట్లో పనికొస్తాయని ఆ నట్టులు దాచుకుంటే, మామూలువాటితో కలపకుండా వాటి బోల్టులకే తొడిగి ఉంచండి.