50 పికోమోళ్ల గీత ఎక్కడిది?

కాలేయ ప్రోటీన్ మిల్లీగ్రాముకు 50 పికోమోళ్లకు (పికోమోల్ అంటే మోల్‌లో లక్ష కోట్లో వంతు) మించి విడదీయరాకుండా అతుక్కునే మందు అణువు కనబడితే, కాలేయానికి హాని చేస్తుందేమోనని రసాయనవేత్తలు దాని నిర్మాణం మార్చే పనిలో పడతారు. 2004లో మెర్క్ శాస్త్రవేత్తల వ్యాసంతో ఈ అంకె వాడుకలోకి వచ్చింది. వేళ్లు మాత్రం చాలా వెనక ఉన్నాయి.

1947లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్, ఎలిజబెత్ మిల్లర్ దంపతులు ఎలుకలకు కేన్సర్ తెప్పించే అజో రంగును మేపితే, అది కాలేయ ప్రోటీన్లకు విడదీయరాకుండా అతుక్కుని కనిపించింది. రంగు కాబట్టి పట్టుబడింది. రంగులేని మందుల జాడ తీయడానికి రేడియోధార్మిక అణువులు కావలసి వచ్చాయి.

1973లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో బ్రోడీ, జిలెట్, మిచెల్, జోలో తదితరులు పారాసిటమాల్‌తో చిక్కుముడి విప్పారు. చుంచెలుకల్లో డోసు పెంచితే ముందు కాలేయానికి రక్షణగా ఉండే గ్లూటాథయోన్ అనే చిన్న అణువు ఖర్చవుతుంది. అది అడుగంటాకే ప్రోటీన్లకు అతుక్కోవడం ఎగబాకింది, కణాలు చచ్చాయి. అతుక్కునేది మందు కాదు. మందులను మార్చే కాలేయపు సైటోక్రోమ్ పీ450 ఎంజైమ్‌లు దాన్నుంచి చేసే క్వినోన్ ఇమైన్ అనే చురుకైన పదార్థం.

కొలిచే తీరు ఇప్పటికీ పెద్దగా మారలేదు. కార్బన్-14 ఉన్న మందు 10 మైక్రోమోలార్, కాలేయ మైక్రోసోమ్‌లు (ఆ ఎంజైమ్‌లున్న కణ పొరల తునకలు) మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము, ఎంజైమ్‌లు పనిచేయడానికి కావలసిన ఎన్‌ఏడీపీహెచ్ 1 మిల్లీమోలార్ కలిపి 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచుతారు. పక్కన ఎన్‌ఏడీపీహెచ్ లేని గొట్టం ఉండాల్సిందే. అందులోనూ ప్రోటీన్‌కు అతుక్కున్న రేడియోధార్మికత లెక్క ఎక్కువొస్తే అణువు జీవక్రియ లేకుండానే అతుక్కుంటోంది, లేదా కడగడం చాల్లేదు. తర్వాత ఎసిటోనైట్రైల్ పోసి ప్రోటీన్‌ను విరిగిన పాలలా ముద్దకట్టించి, 80 శాతం మెథనాల్‌తో కడగాలి. ఎన్నిసార్లంటే, కడిగిన ద్రవంలో లెక్క ఖాళీ గొట్టం స్థాయికి దిగేదాకా. ముద్దను సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి, కొంత సింటిలేషన్ కౌంటర్‌కు (రేడియోధార్మికత వల్ల ద్రవంలో పుట్టే మెరుపులను లెక్కించే యంత్రం), కొంత ప్రోటీన్ కొలతకు తీస్తారు. ఈ రెండోది ఎగ్గొట్టి మొదట పోసిన ప్రోటీన్‌తో భాగించడం పెద్ద తప్పు: కడిగేటప్పుడు ప్రోటీన్ కూడా పోతుంది, అంకె తక్కువ చూపిస్తుంది.

మందు రేడియోధార్మికత మిల్లీమోల్‌కు 50 మిల్లీక్యూరీలైతే ఒక పికోమోల్ నిమిషానికి 111 విఘటనలు ఇస్తుంది. అంటే ప్రోటీన్ మిల్లీగ్రాముకు గీత నిమిషానికి 5,550 విఘటనల దగ్గర. ముద్దను కరిగించిన క్షారం వల్ల సింటిలేషన్ ద్రవం తనంతట తనే మెరిసి దొంగలెక్క చూపగలదు. ఆమ్లంతో తటస్థం చేసి, చీకట్లో ఉంచి లెక్కించాలి. కార్బన్-14 బదులు ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) వాడితే అది నీటిలోకి జారిపోవచ్చు. రేడియోధార్మిక గుర్తు మందు అణువులోని మిథైల్ గుంపు మీద ఉంటే మరీ చిక్కు: అది ఫార్మాల్డిహైడ్‌గా విడిపోయి, జీవకణాల్లో కొత్త ప్రోటీన్ల తయారీలోకే దూరుతుంది. గుర్తు అణువులోని చెదరని వలయం మీద ఉండడమే మేలు.

గీత సంగతి: జంతువుల కాలేయం దెబ్బతిన్నప్పుడు కనబడ్డ స్థాయిలో సుమారు ఇరవయ్యో వంతుగా దాన్ని ఎంచుకున్నారు. ప్రతిపాదించినవాళ్లు లక్ష్యమన్నారు, చాలామంది తీర్పుగా చదువుకున్నారు. 2008లో ఫైజర్ శాస్త్రవేత్తలు కాలేయానికి హానిచేసే 9 మందులను, చేయని 9 మందులను పోల్చారు. అతుక్కునే అంకె ఒక్కటే ఆ రెండు గుంపులను విడదీయలేకపోయింది. రోజువారీ డోసును కూడా లెక్కలోకి తీసుకుంటే కొంత మెరుగైంది. రాలోక్సిఫీన్ అనే మందు మైక్రోసోమ్‌లలో బాగానే అతుక్కుంటుంది, మనిషిలో మాత్రం చాలావరకు పేగు దగ్గరే గ్లూకురోనైడ్‌గా (చక్కెర లాంటి గుంపు తగిలిన రూపంగా) మారిపోతుంది. పారాసిటమాల్ తోబుట్టువు 3-హైడ్రాక్సీఎసిటానిలైడ్ చుంచెలుకల్లో దాదాపు అంతే అతుక్కున్నా కాలేయాన్ని చంపలేదు. మైటోకాండ్రియా ప్రోటీన్లను అది తక్కువగా తాకుతుంది.

ఎంత అన్నదానికి కౌంటర్ చాలు, ప్రోటీన్‌లో ఎక్కడ అన్నదానికి అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి. పారాసిటమాల్ క్వినోన్ ఇమైన్ పట్టుకున్న సిస్టీన్ (ప్రోటీన్‌లోని ఒక అమైనో ఆమ్లం) 149 డాల్టన్లు (అణువుల బరువుకు ప్రమాణం) బరువెక్కుతుంది. అయితే ఆ యంత్రం ముందే ఊహించిన బరువునే తేలిగ్గా పడుతుంది, కౌంటర్‌కు ఆ పట్టింపు లేదు. అందుకే కార్బన్-14 ఇంకా మూలన పడలేదు.