ఒక చెంచాడు తోడు

విశాఖపట్నం,
మే నెల

పిల్లలూ,

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి విడిగా తీసి పెట్టుకున్నాను. పదో తరగతి పరీక్షలు రాసేసిన అమ్మాయి రాసింది. హర్డిల్స్, అంటే అడ్డంకులు దాటుకుంటూ పోయే పరుగు, పరిగెడుతుంది. ఈ ఏడు జిల్లా జట్టులో చోటు దక్కలేదట. ఇంతలో బీచ్ దగ్గరి వేసవి శిబిరం సారు పిలిచి, "పదేళ్లలోపు వాళ్లు పద్నాలుగు మంది ఉన్నారు, పొద్దుటి బ్యాచి నువ్వు చూసుకో" అన్నారట. "తాతయ్యా, గెలవనిదాన్ని నేనేం నేర్పుతాను? నన్ను చూసి నేర్చుకోవడానికి నాలో ఏముంది?" అని అడుగుతోంది.

అమ్మలూ, ఇవాళ రాత్రి ఇంట్లో పాలు తోడు పెట్టేటప్పుడు పక్కన నిలబడి చూడు. లీటరు పాలకు వేసేది ఒక చిన్న చెంచాడు. ఆ చెంచాలో ఉన్నది పాలకంటే గొప్పదేమీ కాదు. అదీ నిన్నటి పాలే. ఒక రాత్రి ముందు తోడుకుంది, అంతే తేడా. నీకూ ఆ పద్నాలుగు మందికీ ఉన్న తేడా కూడా అంతే.

హైదరాబాదులో రహీమ్ అని ఒక బడిపంతులు ఉండేవారు, సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన శిక్షణలో మన ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్లింది, 1962 జకార్తా ఏషియాడ్‌లో బంగారం తెచ్చింది. పి.టి. ఉషను తీర్చిదిద్దిన నంబియార్ గారికి 1985లో, కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైన ఏడాదే, అది వచ్చింది. దేశానికి పతకాలు గెలిచినవాళ్లే నేర్పాలంటే వీళ్లిద్దరూ మైదానం దాకా వచ్చేవారే కాదు.

సరే, తోడు సంగతికొద్దాం. పాలు మరిగి దించిన వెంటనే తోడు వేస్తే ఏమవుతుంది? తోడే చచ్చిపోతుంది. పూర్తిగా చల్లారాక వేస్తే అది మగతగా పడుంటుంది, పొద్దున చూస్తే గిన్నెలో పాలు పాలే. వేలు పెడితే గోరువెచ్చగా ఉండాలి. పిల్లలూ అంతే. పొద్దున్న ఐదున్నరకి నిద్రమొహాలతో వచ్చినవాళ్లని వరసగా నిలబెట్టి క్రమశిక్షణ గురించి చెప్పడం చల్లటి పాలలో తోడు వేయడం. వచ్చీరాగానే "ఎవరు ఫాస్టో చూద్దాం" అని స్టాప్‌వాచ్ తీయడం మరిగే పాలలో వేయడం. మొదటి పది నిమిషాలూ ఒక ఆట పెట్టు. ప్రతి ఒక్కరూ నడుం వెనక ఒక చేతిరుమాలు తోకలా దోపుకోవాలి, తన తోక కాపాడుకుంటూ ఎదుటివాళ్లది లాగాలి. వంగుతారు, పక్కకి తిరుగుతారు, ఆగి మళ్లీ ఉరుకుతారు. వార్మప్ అంతా అందులోనే అయిపోతుంది.

తరవాత నువ్వు నిలబడే చోటు. మన బీచ్‌లో సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు. కాబట్టి పిల్లలు సముద్రానికి వీపు పెట్టాలి, ఎండ నీ మొహాన పడాలి. చాలామంది కొత్త కోచ్‌లు దీన్ని తిరగేస్తారు. ఎదురెండలో పిల్లలు కళ్లు చికిలించుకుంటూ నీ చెయ్యి చూడలేరు, చూపు కాస్తా వెనకాల కెరటాల మీదకీ పడవల మీదకీ పోతుంది. "శ్రద్ధ లేదు" అని నువ్వు కోప్పడతావు. తప్పు వాళ్లది కాదు, నిలబెట్టిన దిక్కుది.

ఇక హర్డిల్స్. ఈ ఊరి పిల్ల జ్యోతి యర్రాజీ 100 మీటర్ల హర్డిల్స్ 12.78 సెకన్లలో పరిగెత్తింది. దారిలో అడ్డంకులు పది, ఒక్కోటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. ఆ ఎత్తు ఎనిమిదేళ్ల పిల్లకి ఛాతీ దగ్గరికి వస్తుంది. నీకు కావలసింది చెప్పుల అట్టపెట్టెలు. పక్కకి నిలబెడితే జానెడు ఎత్తు, కాలు తగిలితే పడిపోతాయి, దెబ్బ తగలదు. భయం పోయాక ఎత్తు పెంచుకోవచ్చు. మూడు వరసలు పెట్టు. ఒక వరసలో పెట్టెకీ పెట్టెకీ నాలుగున్నర మీటర్లు, రెండోదాంట్లో ఐదు, మూడోదాంట్లో ఐదున్నర. "ఒకటి, రెండు, మూడు, దాటు" అనే లయ ఎవరికి ఎక్కడ కుదిరితే వాళ్లు ఆ వరసలో పరిగెడతారు. పొట్టివాడిని పొడుగువాడి వరసలో నిలబెడితే మధ్యలో నాలుగో అడుగు దూరుతుంది, లయ చెడుతుంది, పెట్టె ముందు ఆగిపోతాడు.

మూడు వరసలకి ఇంకో లెక్క కూడా ఉంది. ఒక్క వరసే ఉంటే, ఒక్కొక్కరికి ఎనిమిది సెకన్లు అనుకున్నా, పద్నాలుగు మందికి దాదాపు రెండు నిమిషాలు. ఇరవై నిమిషాల్లో ఒక్కో పిల్లకి పది సార్లు వస్తుంది. మిగతా సేపంతా ఇసక తవ్వడం, ఎదుటివాడి జుట్టు లాగడం. మూడు వరసలైతే అదే ఇరవై నిమిషాల్లో ముప్ఫై సార్లు వస్తుంది. అల్లరి పిల్లలని మనం అనేవాళ్లలో సగంమంది నిజానికి ఖాళీగా నిలబడ్డ పిల్లలు.

ఒక పిల్ల పెట్టెని పరుగులో దాటకుండా కప్పలా పైకి ఎగిరి దూకుతుంది, చూస్తావుగా. "అంత ఎత్తు ఎగరకు" అని అరిస్తే ఇంకా ఎగురుతుంది. ఎందుకు ఎగురుతోందో చూడు. పెట్టెకి మరీ దగ్గరగా వచ్చి కాలు లేపుతోంది, అందుకు. పెట్టెకి ఒక మీటరు ముందు ఇసకలో ఒక గీత గీసి, "ఇక్కడ నించి" అను చాలు. ఒకసారికి ఒక్క తప్పే దిద్దు. చేతులు, మోకాలు, చూపు మూడూ ఒకేసారి చెబితే ఏదీ దిగదు. మాట్లాడేది అర నిమిషం దాటకూడదు. చెప్పేకంటే చేసి చూపించు. మెచ్చుకునేటప్పుడు "సూపర్" అనకు, అది అందరికీ వేసే బిళ్ల. "ఈసారి పెట్టె వంక చూడలేదు, ముందుకి చూశావు" అను. ఆ పిల్ల ఆ మాటని ఇంటికి పట్టుకెళుతుంది.

ఇంక తోడు పులుపు. పుల్లటి తోడు వేస్తే పెరుగు పుల్లగా వస్తుంది. పాలు ఎంత చిక్కటివైనా లాభం లేదు. ఆదర్శం అనే పెద్దమాటకి నాకు తెలిసిన అర్థం ఇంతే. నువ్వు పనిగట్టుకుని చూపించేది వాళ్లు సగమే తీసుకుంటారు. చూపిస్తున్నానని నీకు తెలియకుండా చూపించేది మొత్తం తీసుకుంటారు. నువ్వు పది నిమిషాలు ముందొచ్చి పెట్టెలు సర్దుతుంటే, వారం తిరిగేసరికి ఇద్దరు ముందొచ్చి సర్దడం మొదలెడతారు. నువ్వు వరసల మధ్య ఫోను చూస్తే, వాళ్లు నీ మాట మధ్యలో ఎటో చూస్తారు. లెక్క తప్పి ఒకడికి ఒక పరుగు తక్కువ ఇచ్చావనుకో, "నాదే పొరపాటు, నువ్వు మళ్లీ వెళ్లు" అను. పదేళ్ల పిల్లలు పెద్దవాళ్ల నోట ఆ మాట ఎన్నిసార్లు విని ఉంటారు?

శిక్షగా గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించకు, గుంజీలు తీయించకు. నువ్వు ఇష్టపడి నేర్పే పరుగునే శిక్ష చేస్తే, రేపు వాళ్లు దాన్ని ఇష్టపడాలని ఏ మొహంతో అడుగుతావు? మాట వినకపోతే రెండు నిమిషాలు పక్కన కూర్చోబెట్టి, తరవాత నువ్వే వెళ్లి పిలిచి ఆటలో కలుపుకో.

ముఖ్యమైంది నీ ఓటమి. దాన్ని దాచుకోవాల్సిన లోపమని నువ్వు అనుకుంటున్నావు, నీ దగ్గరున్న అసలు పాఠమే అది. జిల్లా జట్టు సంగతి వాళ్లు ఎలాగూ అడుగుతారు, పిల్లలకి తెలియని కబురుండదు. "సెలక్షన్‌లో అంతా రాజకీయం" అన్నావో, ఇవాళ పెట్టె తన్ని పడ్డ ఎనిమిదేళ్లవాడు రేపు "పెట్టె వంకరగా ఉంది" అంటాడు. "ఏడో హర్డిల్ దగ్గర నా లయ పోయింది, ఇప్పుడు అదే సాధన చేస్తున్నా" అంటే, వాడు లేచి ఇసక దులుపుకుని తన అడుగులు లెక్కపెట్టుకుంటాడు. గెలిచినవాళ్లు ఈ పాఠం చెప్పలేరని కాదు. నువ్వైతే దాన్ని ఇంకా పచ్చిగా ఉండగానే చెప్పగలవు.

మా చిన్నప్పుడు శిబిరాలూ లేవు, కోచ్‌లూ లేరు. కర్రాబిళ్ల, గోలీలు, చెడుగుడు, వీధిలో ఎవరు పెద్దయితే వాళ్లే గురువు. చిన్నపిల్లలు ఏడ్చి వెంటపడితే ఆటలో అరటిపండు అని చేర్చుకునేవాళ్లం. అరటిపండు అవుటైనా అవుట్ కాదు, గెలిచినా గెలుపు కాదు. అందులో దయ ఉంది, కొంచెం అవమానమూ ఉంది. లెక్కలో లేమని అరటిపండుకి తెలుసు. అయినా ఆ పద్ధతిలో ఒక తెలివి ఉంది, ఇప్పటి శిబిరాల్లో అది పోయింది. ఇప్పుడు అవుటైనవాడిని గీత బయట కూర్చోబెడతారు. అందరికంటే ముందు అవుటయ్యేది సాధన ఎక్కువ కావలసినవాడే కదా, మరి వాడే ఎక్కువసేపు కూర్చుంటున్నాడు! నువ్వు అలా చేయకు. అవుటైనవాళ్లు పక్కన ఐదు గెంతులు గెంతి మళ్లీ లోపలికి రావాలి. జట్లు చేసేటప్పుడు కూడా ఇద్దరు కెప్టెన్లని పెట్టి ఒక్కొక్కరినీ కోరుకోమనకు, చివర మిగిలినవాడికి ఆ పొద్దు అక్కడితో సరి. ఒకటి, రెండు, ఒకటి, రెండు అని నువ్వే లెక్కపెట్టి విడదీయి.

కొన్ని పట్టింపులు మాత్రం బతిమాలి చెబుతున్నాను. మన ఊరి ఎండకంటే ఉక్క ప్రమాదం, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పదిహేను నిమిషాలకోసారి నీళ్లు, అడిగినా అడక్కపోయినా. ఏడున్నరకల్లా ముగించు. ఎవరైనా తల తిరుగుతోందన్నా, వాంతి చేసుకున్నా, తికమకగా మాట్లాడినా, వెంటనే నీడకి తీసుకెళ్లి తడిగుడ్డలు కప్పి విసరాలి. మాట తేడాగా ఉంటే 108కి ఫోన్ చెయ్యి, తెలివిలో లేనివాడి నోట్లో నీళ్లు పోయకు. చీలమండ మడతపడితే బామ్ రాసి మర్దనా చేసే అలవాటు మనకుంది, చేయకు. గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను నిమిషాలు పెట్టు. తలకి దెబ్బ తగిలితే ఆ రోజుకి ఆట లేదు, వాడెంత బాగున్నానన్నా సరే. సాధన అయ్యాక "ఒక్కసారి కాళ్లు తడుపుకుంటాం అక్కా" అంటారు. వద్దు. ఆర్.కె. బీచ్ పైకి మామూలుగానే కనబడుతుంది, కాళ్ల కింద ఇసక లాగేస్తుంది. వచ్చినప్పుడు పద్నాలుగు, వెళ్లేటప్పుడు పద్నాలుగు, తలలు లెక్కపెట్టు. ఏ పిల్లతోనూ, ఏ పిల్లాడితోనూ తలుపేసిన గదిలో ఒంటరిగా ఉండకు. భంగిమ సరిచేయాలంటే చేసి చూపించు, ముట్టుకోవాల్సి వస్తే అడుగు. ఇంటి దగ్గర ఎవరో బాధపెడుతున్నారని ఎవరైనా చెబితే గుట్టుగా ఉంచుతానని మాటివ్వకు. సారుకి చెప్పు, పిల్లల సాయానికి 1098 నంబరు ఉంది.

పోలికని చాలా దూరం లాగాను, నాకే తెలుస్తోంది. తోడు వేస్తే గిన్నెడు పాలూ ఒకే పెరుగవుతాయి. పద్నాలుగు మంది పిల్లలు ఒకటి కారు, కాకూడదు కూడా. ఆ ఒక్క చెంచాడూ చీకట్లో అంత పాలని ఎలా మారుస్తుందో విడమరిచి రాద్దామని కూర్చున్నాను కూడా. కంటికి కనబడని ప్రాణులు, ఒకటి రెండై, రెండు నాలుగై... రాయబుద్ధి కాలేదు. రాత్రి మూత తీయకుండా ఉంచండి, పొద్దున తీసి వాసన చూడండి.

ఇదంతా ఎందుకు చేయాలి, నా లక్ష్యం ఏమిటి అని కూడా ఆ అమ్మాయి చివర్లో అడిగింది. అది ముందు దొరికితే తప్ప మొదలెట్టలేనని అనుకుంటోంది. ఒక పని చెయ్యమ్మా. మూడో రోజు రాత్రి ఒక నోటుబుక్కులో, జాబితా చూడకుండా, పద్నాలుగు పేర్లూ రాయి. పక్కన ఒక్కో ముక్క, "ఎడమకాలితో బాగా దాటుతుంది", "నీళ్ల సీసా తెచ్చుకోడు" అలాగ. పదో పదకొండో వచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది. ఆ మిగిలిన ముగ్గురో నలుగురో మూడు రోజులుగా నీ ఎదుటే ఉన్నారు, నీకు కనబడలేదు. మర్నాడు పొద్దున ఎవరి కోసం వెళ్లాలో నీకు అప్పుడు తెలుస్తుంది.

మిగతా పిల్లలకి ఒక పని. ఈ ఆదివారం తెల్లవారుజామున బీచ్‌కి వెళ్లండి. ఇసకలో రబ్బరు బంతి క్రికెట్ ఎక్కడో ఒకచోట ఉంటుంది. బంతిని చూడకండి, బాగా కొట్టేవాడిని చూడకండి. అప్పుడే అవుటైన పిల్లాడిని చూడండి. బ్యాటు ఇచ్చేసే లోపు వాడు ఒక్క క్షణం తలెత్తి ఎవరో ఒకరి మొహం వైపు చూస్తాడు. ఎవరి వైపు చూశాడో, ఆ మొహంలో ఏముందో నాకు రాయండి.

మీ
తాతయ్య