మధ్యాహ్నపు నటుల పండుగ

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీస్సులు.

అమ్మమ్మ మధ్యాహ్నం సీరియల్ పెట్టగానే మీరిద్దరూ మూతి ముడుచుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. చూడమని బలవంతం చేయను, నేనూ ఆ సమయానికి కునుకు తీసేవాడినే. కానీ అమెరికాలో ఆ పగటి కార్యక్రమాల వాళ్ల కోసమే ఏటా ఒక సభ జరుగుతుంది. దాని సంగతి మీకు చెప్పాలి.

అక్కడ టీవీకి పెద్ద బహుమతి ఎమ్మీ. రెక్కలున్న స్త్రీ ఒక పరమాణువును ఎత్తిపట్టుకున్న బొమ్మ అది. చాలాకాలం ఆ వెలుగంతా రాత్రి కార్యక్రమాలదే. పగటివాళ్లకు విడిగా డేటైమ్ ఎమ్మీ సభ 1974లో న్యూయార్క్‌లో మొదలైంది. పగటి సీరియళ్లంటే అక్కడా కొంత చిన్నచూపే. రేడియో రోజుల్లో సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టి ఇల్లాళ్ల కోసం నడిపించిన కథలు కదా! పని మాత్రం తేలిక కాదు. వారానికి ఐదు ఎపిసోడ్లు, చాలా సీరియళ్లలో ఒక్కొక్కటి గంటసేపు. ఈరోజు సంభాషణలు అప్పజెప్పి ఇంటికెళితే రేపటివి బట్టీ పట్టాలి. మీకు ఏడాదికి మూడు పరీక్షలకే ముచ్చెమటలు పడతాయి!

ఇక సూసన్ లూచీ కథ. 1970లో మొదలైన 'ఆల్ మై చిల్డ్రన్' అనే సీరియల్‌లో ఎరికా కేన్ పాత్ర ఆమెది. పొగరు, గడసరితనం, తళుకుబెళుకులు అన్నీ ఉన్న పాత్ర. 1978లో తొలిసారి ఉత్తమ నటి పోటీలో నిలిచింది, రాలేదు. ఆ తర్వాతా రాలేదు. అలా పద్దెనిమిది సార్లు! దేశమంతా దాని మీద జోకులు వేసుకుంటే ఆమె కూడా వాటిలో కలిసి నవ్వేది. నాకు నచ్చింది అదే, ఆ మనిషి ఏడుపుముఖం పెట్టలేదు. 1999లో ఆమె పందొమ్మిదోసారి పోటీలో నిలిచినప్పుడు, విజేత పేరున్న కవరు విప్పిన నటుడు షెమార్ మూర్, పేరు చదవకముందే ఆ ఓటముల వరస తెగిపోయిందని కేకేశాడు. హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు ఆగక ఆమె ఎంతోసేపు మాట్లాడలేకపోయింది.

అంతకు రెండేళ్ల ముందు అదే సభలో, పసిపిల్లల కార్యక్రమంతో పేరు తెచ్చుకున్న ఫ్రెడ్ రోజర్స్‌కు జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చారు. ఆయన తన గొప్పలేమీ చెప్పుకోలేదు. మిమ్మల్ని ప్రేమించి ఇంతవాళ్లను చేసినవారిని పది సెకన్లు తలచుకోండి, సమయం నేను చూస్తాను అని చేతి గడియారం వైపు చూశాడు. ముస్తాబై వచ్చిన తారలు కళ్లు తుడుచుకున్నారు.

పిల్లల కార్యక్రమాలకు 2022 నుంచి వేరే ఎమ్మీ సభ పెట్టారు. మీ వంతు వేదిక మీకు దక్కింది, మంచిదే. అయినా నాకు కాస్త వెలితిగానే ఉంది. ఆ విభజన ముందే జరిగి ఉంటే సీరియల్ తారలు ఆ పది సెకన్లు రోజర్స్ ఎదుట కూర్చునేవారు కాదు.

అమ్మమ్మ మిమ్మల్ని అడుగుతోంది. సెలవులకు రండి.

మీ తాతయ్య