ఎండింది ఏ ఏటి ఆకు?

"పైన్ చెట్టు లోపలి ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి, ఏ మందు కొట్టాలి?" మందు సంగతి తర్వాత. ముందు తేల్చుకోవాల్సింది, ఆ ఎండిన ఆకుల వయసు.

'సతతహరితం' అని బడిలో చెప్పి వదిలేస్తారు కాబట్టి ఈ చెట్లు ఆకు రాల్చవనే అపోహ పెద్దయ్యాకా పోదు. పైన్ సూదాకు సాధారణంగా 2 నుంచి 5 ఏళ్లు, పైన్ లాంటిదే మరో సూదాకు చెట్టు స్ప్రూస్ ఆకు 5 నుంచి 7 ఏళ్లు నిలుస్తుంది. శరత్కాలంలో కొమ్మ లోపలివైపు పాత ఆకులు చెట్టంతటా ఒకే తీరున పండి రాలితే అది జబ్బే కాదు.

వయసు కొమ్మే చెబుతుంది. వసంతంలో మొగ్గ విచ్చుకున్నాక దాని పొలుసులు రాలినచోట కొమ్మచుట్టూ సన్నటి మచ్చల వలయం మిగులుతుంది. కొస నుంచి మొదటి వలయం దాకా ఈ ఏటి ఎదుగుదల, అక్కణ్ణుంచి రెండో వలయం దాకా నిరుటిది, ఆ వెనకది ముందటేటిది.

ఈ ఏటి చిగుళ్లే గిడసబారి, పొట్టి ఆకులతో గోధుమరంగుకు తిరిగి, బంక కారుతుంటే డిప్లోడియా శిలీంధ్రాన్ని అనుమానించాలి. వేసవి చివర్లో ఎండిన ఆకును పీకి, మొదట్లోని తొడుగు తీసి 10 రెట్ల భూతద్దంతో చూడండి. నల్లటి చుక్కలుంటాయి. రెండేళ్ల కాయల పొలుసుల మీదా ఉంటాయి. మంచు దెబ్బయితే అప్పటికే విచ్చిన చిగుళ్లు ఒక్కసారిగా వాలిపోతాయి, విచ్చని మొగ్గలు బతుకుతాయి. చిగురు విరిస్తే లోపల గుల్లగా ఉందా? అది పురుగు పని.

స్ప్రూస్‌లో ఈ ఏటి ఆకు పచ్చగా ఉండి, కింది కొమ్మల్లో నిరుటి ఆకు ఊదా గోధుమరంగుకు మారితే చిక్కు ఇక్కడే. రైజోస్ఫేరా శిలీంధ్రం ఆ ఆకులోకి దూరింది నిరుటి వసంతంలో, లేతగా ఉన్నప్పుడు. రంగు బయటపడేది మరుసటేడు. ఆరోగ్యమైన ఆకుపై పత్రరంధ్రాల వరసల్లో తెల్లటి మైనపు చుక్కలు కనిపిస్తాయి. జబ్బు ఆకులో ఆ రంధ్రాల్లోంచే నల్లటి బొడిపెలు పొడుచుకొస్తాయి. ఎండిన ఆకుకు మందు కొట్టి లాభం లేదు. కొత్త ఆకు సగం సాగినప్పుడు ఒకసారి, పూర్తిగా సాగాక మరోసారి కొడితే ఆ ఏటి ఆకు దక్కుతుంది.

గాలి తగిలే వైపు ఆకు కొసలే ఎండి, శీతాకాలంలో మంచు కప్పిన కింది కొమ్మలు పచ్చగా ఉంటే అది నీరు చాలని ఎండు. ఆ కొమ్మల్ని వెంటనే నరకొద్దు. మొగ్గలు బతికుంటే వసంతంలో చిగురిస్తాయి, విచ్చుకునే దాకా ఆగండి.