రిలే స్ప్రింగు వంచే ముందు

పాత ఆటోమేటిక్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో అంకెలు లెక్కపెట్టడం, ఎంతసేపు ఆగాలో అంతసేపు ఆగడం, అవతల లైను ఖాళీయో కాదో చూడడం, ఇదంతా రిలేలే చేసేవి. రిలే అంటే ఇనప కడ్డీకి చుట్టిన రాగి తీగ, దాని ముందు కదిలే ఆర్మేచర్ అనే ఇనప ముక్క, అది నెట్టే స్ప్రింగులు, వాటి కొసల్లో వెండి కాంటాక్టులు, అంతే. నాకు తెలిసొచ్చిందేంటంటే రిలేని అడ్జస్ట్ చేస్తున్నామంటే టైముని అడ్జస్ట్ చేస్తున్నట్టే, అందుకే కవర్ తీసీ తీయగానే ప్లయర్ పెట్టి స్ప్రింగు వంచేసే వాళ్ళని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

మాది పర్లాకిమిడి. బరంపురంలో పాత సామాన్ల కొట్లో దొరికిన స్ట్రౌజర్ సెలెక్టర్, అంటే డయల్ చేసిన అంకెని బట్టి లైను కలిపే యంత్రం, ఒకటి ఇంట్లో పెట్టుకున్నా. మా వీధిలో టెలిఫోన్స్‌లో రిటైరైన మావయ్య ఒకాయన ఉన్నారు, అది చూడగానే "ముందు ఊరికే చూడరా, ప్లయర్ తర్వాత" అన్నారు. ఈ పద్ధతికి పేరిచ్చిన ఆల్మన్ స్ట్రౌజర్ అమెరికాలో అంత్యక్రియల వ్యాపారం చేసేవాడు, 1891లో పేటెంట్ వచ్చింది, 1892లో ఇండియానా రాష్ట్రం లా పోర్ట్‌లో ఎక్స్ఛేంజి మొదలైంది. ఇక్కడ బెంగళూరులో 1948లో పెట్టిన ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) ఇలాంటి సామాను ఏళ్ళ తరబడి తయారుచేసింది.

ఇప్పుడు అసలు సంగతి. డయల్‌లో 5 తిప్పి వదిలితే లైను అయిదుసార్లు తెగి కలుస్తుంది, సెకనుకి 10 పల్సులు, అంటే ఒక్కో పల్సుకి 100 మిల్లీసెకన్లు, అందులో దాదాపు 66 తెగి ఉంటుంది, 33 కలిసి ఉంటుంది. లైనుకి తగిలించిన ఎ రిలే ప్రతి పల్సుకీ పడి లేస్తుంది, అంటే ఆర్మేచర్‌ని వదిలి మళ్ళీ లాక్కుంటుంది. దాని కాంటాక్టు ద్వారా కరెంటు అందుకునే బి రిలే మాత్రం ఆ 66 మిల్లీసెకన్లూ పడకూడదు, పడిందంటే చందాదారు ఫోన్ పెట్టేశాడనుకుని సెలెక్టర్ కాల్ వదిలేస్తుంది! మరి కరెంటు పోయినా పడకుండా ఎలా ఉంటుందంటే, దాని కడ్డీ మీద మందపాటి రాగి కడియం ఒకటి ఉంటుంది, స్లగ్ అంటారు, కాయిల్‌లో కరెంటు ఆగి అయస్కాంత క్షేత్రం తగ్గుతుంటే ఆ తగ్గడమే రాగిలో కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు క్షేత్రాన్ని ఇంకాసేపు నిలబెడుతుంది, లెంజ్ నియమం అన్నమాట. కడియం ఆర్మేచర్ వైపు ఉంటే రిలే లేవడమూ పడడమూ రెండూ ఆలస్యం, వెనక కొసన ఉంటే ముఖ్యంగా పడడమే ఆలస్యం. ఒక సెమీకండక్టర్ కూడా లేకుండా రాగి ముక్కతో టైమర్ చేశారు, ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

ఇప్పుడు ఎవరో బి రిలే స్ప్రింగులు కాస్త బిగుతు చేశారనుకోండి, ఆర్మేచర్ త్వరగా పడిపోతుంది, డయల్ చేస్తుండగానే కాల్ తెగుతుంది, పాపం తప్పు డయల్ మీదకి పోతుంది. ఆర్మేచర్ కడ్డీకి పూర్తిగా అతుక్కోకుండా ఇత్తడి లాంటి అయస్కాంతం పట్టని లోహపు బొడిపె ఉంటుంది, రెసిడ్యువల్ స్టడ్ అంటారు, అది అరిగితే ఇనుములో మిగిలిన అయస్కాంతత్వానికి ఆర్మేచర్ ఆలస్యంగా వదులుతుంది, ఒక్కోసారి అతుక్కునే ఉండిపోతుంది. కొన్ని రిలేల్లో స్టడ్ బదులు స్క్రూ ఉంటుంది, దాంతో ఈ గ్యాప్ మార్చి పడే టైముని సరిచేయొచ్చు.

మా వైపు ఇంకో గొడవ తేమ. గోపాలపూర్ దగ్గర సముద్రపు గాలి, ఇక్కడ మహేంద్రతనయ ఒడ్డున వానాకాలం ఉక్క. తేమతో పాటు గాలిలో గంధకం ఉంటే వెండి నల్లబడుతుంది, సిల్వర్ సల్ఫైడ్ పొర అది. ఎక్స్ఛేంజి బ్యాటరీ 50 వోల్టులు ఆ పొరని చీల్చుకుని వెళ్ళిపోతాయి గనక డయలింగ్ బాగానే ఉంటుంది, కానీ మాట తాలూకు సిగ్నల్ చాలా బలహీనం కదా, అందుకే మాటలో కరకర వస్తుంది. ఎక్స్ఛేంజి బ్యాటరీకి పాజిటివ్‌ని ఎర్త్ చేయడం కూడా తేమ వల్లే, తడిలో రాగి తీగ పాజిటివ్‌గా ఉంటే కరిగిపోతుంది.

నల్లబడిన కాంటాక్టుకి ఎమెరీ కాగితం అస్సలు వద్దు, గరుకు రేణువులు వెండిలో దిగబడిపోతాయి. బర్నిషర్ అని పల్చటి ఉక్కు పట్టీ దొరుకుతుంది, కాంటాక్టుల మధ్య పెట్టి వేలితో మెల్లగా నొక్కి రెండు మూడుసార్లు లాగితే చాలు. నూనె, తుప్పు వదిలించే స్ప్రే కొట్టొద్దు, వాటికి దుమ్ము అంటుకుని నిప్పురవ్వకి మాడి మసవుతుంది. ఒక కాంటాక్టు మీద గుంట, ఎదుటిదాని మీద మొన కనిపిస్తే స్ప్రింగుని అనుమానించే ముందు దానికి జతగా ఉన్న కెపాసిటర్, రెసిస్టర్ చూడండి, నిప్పురవ్వని ఆర్పాల్సినవి అవే.

ఇంత చూశాకే గేజ్ తీయాలి. ముందు రెసిడ్యువల్ గ్యాప్, తర్వాత ఆర్మేచర్ ఎంత కదులుతోందో సందు కొలిచే పల్చటి రేకుల ఫీలర్ గేజ్‌తో, తర్వాత ఒక్కో స్ప్రింగు ఒత్తిడి గ్రాముల్లో టెన్షన్ గేజ్‌తో, ఆ రిలేకి ఎంతెంత ఉండాలో రాసిన షీటు మీది అంకెకి సరిపోవాలి. స్ప్రింగు వంచక తప్పకపోతే మొదలు దగ్గర, స్ప్రింగ్ అడ్జస్టర్‌తోనే, కొస దగ్గర వంచితే కాంటాక్టులు వంకర తిరుగుతాయి. బ్రిటిష్ పద్ధతి ఎక్స్ఛేంజిల్లో సరఫరా 46 నుంచి 52 వోల్టుల దాకా మారొచ్చని లెక్క, కాబట్టి చివర్లో ఆ రెండు కొసల దగ్గరా 0 డయల్ చేసి పది పల్సులకీ బి రిలే నిలబడుతోందో లేదో చూడాలి, తుఫానుకి కరెంటు పోయి బ్యాటరీ దిగిపోతున్నప్పుడు అది పనిచేయాల్సింది ఆ 46 దగ్గరే.